గిటారు ఉన్న వైపు

మా అన్న గిటారు ఎందుకు వదిలేశాడని అడిగితే మా ఇంట్లో అందరూ ఒకే మాట చెబుతారు. కాలం మారింది, కంప్యూటర్ పాటలు వచ్చాయి, గిటారు వినేవాళ్ళు లేకుండా పోయారు అని. మా వదిన అదే చెబుతుంది. పిల్లలూ అదే చెబుతారు. ఎవరైనా గుచ్చి అడిగితే అన్న కూడా నవ్వుతూ అదే అంటాడు. అబద్ధం. రేణిగుంట రైల్వే క్వార్టర్స్ దాకా వెతుక్కుంటూ వచ్చి ఒక మనిషి చేతిలోంచి గిటారు లాక్కునేంత తీరిక కాలానికి ఎక్కడిది? ఆ పని చేసింది నేను. ఇన్నేళ్ళుగా కాలం పేరు చాటున దాక్కున్నదీ నేనే.

ఇలాంటివాటిని బరువు అంటారు. పాతికేళ్ళకు పైగా మోస్తున్నాను కాబట్టి నేనూ బరువనే అనాలి. కానీ బరువుగా కూడా ఉండదు. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముట్టుకుంటే ఉందని తెలుస్తుంది, నాదని అనిపించదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకైతే నాలుగు మాటలయ్యేసరికి అసలు నాది తప్పే కాదని వాదించి ఒప్పించేస్తాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

నాయన రైల్వేలో పనిచేసేవాడు. అన్న సుధాకర్ చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. ఆదివారం కీర్తనలకు వాయించేవాడు. మిగతా రోజుల్లో మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన ఇంగ్లీషు రాక్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విని వాటిని వాయించేవాడు. అతని స్నేహితుడు మురళి కీబోర్డు. వడమాలపేట నుంచి ఒకతను వచ్చి డ్రమ్ములు కొట్టేవాడు. ఇంతే వాళ్ళ బృందం. నేను అప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చుకునేదాన్ని. కాలేజీలో గెలిచింది చాలక ఇంటికొచ్చి కూడా గెలవాలి నాకు.

అన్నకూ నాకూ రోజూ ఒకటే గొడవ. రాక్ గొప్పదా, డాన్స్ పాట గొప్పదా. మా తిరుపతిలో డాన్స్ క్లబ్బులెక్కడివి? బెంగళూరులో ఉంటాయట అని పేపర్లో చదవడమే. చూడని క్లబ్బులకు నేను లాయర్ని. నీ రాక్‌లో ఒకడు వాయిస్తాడు, తక్కినవాళ్ళు హారతి చూసినట్టు నోళ్ళు తెరుచుకుని వాడి వేళ్ళు చూస్తారు అనేదాన్ని. డాన్స్ పాటలో చూడాల్సినవాడంటూ ఎవడూ ఉండడు, ఎక్కువా తక్కువా లేకుండా అందరూ ఆడాల్సిందే. గంగజాతరలో పలకలు కొట్టేవాళ్ళను చూడు, ఒకే దెబ్బ, మళ్ళీ అదే దెబ్బ, ఒళ్ళు దానంతట అది కదిలేదాకా. లండన్‌లో మిషను పెట్టి చేసేది కూడా అదే కదా? అన్న ఒప్పుకునేవాడు కాదు. మిషనుకు తప్పు చేయడం రాదు, తప్పు చేయలేనిది నిజం ఎట్లా చెబుతుంది అనేవాడు. తీగ మీద వేలు తెగితే ఆ నొప్పి పాటలో వినపడాలట. నొప్పి వినాలంటే పోయి ఆసుపత్రి వరండాలో కూర్చో, టికెట్ కూడా లేదు అన్నాను ఒకసారి. అమ్మ పగలబడి నవ్వింది. అన్న కూడా నవ్వాడు. ఆ రోజుకు నేను గెలిచినట్టు.

ఆ వాదనను ఇప్పటికీ వెనక్కి తీసుకోవడం లేదు. డాన్స్ పాట గురించి నేనన్నదాంట్లో ఒక్క మాట తప్పని నాకు అనిపించదు. నేను ఒప్పుకుంటున్నది వాదన తప్పని కాదు.

బెంగళూరులో ఒక కంపెనీ కొత్త బృందాల పాటలతో క్యాసెట్ తెస్తోందని మురళి కనుక్కొచ్చాడు. ఒక్కో బృందానికి ఒక్కటే పాట, అదేదో వాళ్ళే విని తేలుస్తారు. తిరుపతిలో ఒక రికార్డింగ్ గదిలో కూర్చుని రెండు పాటలు చేశారు. ఒక వైపు అన్న కట్టిన గిటారు పాట. రెండో వైపు మురళి కీబోర్డులో రిథమ్ పెట్టి చేసిన డాన్స్ పాట, అందులో అన్న గిటారు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ముందు ఏది వినిపించాలని ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. గిటారు పాటే అనుకున్నారు. మురళి కూడా అదే అన్నాడు.

క్యాసెట్ మీద పేర్లు రాసి, కట్టి పంపించే పని నాకిచ్చారు, దస్తూరి బాగుంటుందని. అన్న అప్పటికే ఒక గోడౌన్లో పనికి కుదిరాడు. డ్యూటీకి పోతూ గడప దగ్గర ఆగాడు.

"పాపా, గిటారు వైపు మొదటికి తిప్పి పెట్టు. ఒకటో నంబరు దానికే రాయి. ఆడ కుప్పలు కుప్పలుగా వచ్చి పడింటాయి. మొదట వినిందాంతోనే తేల్చేస్తారు, రెండో వైపు ఎవురు తిప్పి సూస్తారు?"

"నీ పాటకు వాళ్ళు నిద్రపోతార్లే."

"పోనీ, నిద్రన్నా పట్టిస్తాది కదా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం క్యాసెట్ టేప్‌రికార్డర్లో పెట్టి గిటారు పాట మొత్తం విన్నాను. వినడం అదే మొదటిసారి. చివర్లో ఒక చోట అన్న వేలు జారింది. జారి, ఆ జారిన స్వరం మీదే ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ పాటలోకి వచ్చాడు. వెనక్కి తిప్పి ఆ ఒక్క చోటు మళ్ళీ విన్నాను. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇన్నాళ్ళూ అతను నాకు చెప్పడానికి చూసినది ఇదన్నమాట. అప్పుడు నేనేం చేయాలి? సాయంత్రం అతను రాగానే, అన్నా, ఈ ఒక్క పాట దగ్గర నేను ఓడిపోయాను అనాలి. అంతే. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఆ ఒక్క మాట నా నోట రాదని నాకప్పుడే తెలుసు.

ఒకటో నంబరు కాగితం డాన్స్ పాట వైపు అంటించాను. పెన్సిల్ పెట్టి టేపంతా ఆ వైపు మొదటికి తిప్పాను. సాయంత్రం మురళి వస్తే కట్టిన పాకెట్ చేతికిచ్చాను. అతను తీసుకెళ్ళి పోస్టు చేశాడు.

తమాషాకు చేశావా అని నన్ను నేను అడుగుతుంటాను. తమాషాకు చేసినవాళ్ళు తర్వాత చెప్పి నవ్వుతారు, నేను చెప్పలేదు. మురళి మీద మనసుండి చేశావా? మీరు ఇప్పటికే ఆ మాట అనుకుని ఉంటారు. కాదు. అయ్యుంటే బాగుండేది, చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. అన్న మీద కోపమా? లేదు. నా మీద ఎవరూ గెలవకూడదు, అంతే. అంత చిన్న కారణానికి అంత పని ఎలా చేయగలిగానన్నది నాకింకా అర్థం కాదు.

కొన్నాళ్ళకు వీధి చివర ఎస్టీడీ బూత్‌కు ఫోను వచ్చింది. డాన్స్ పాట తీసుకుంటాం, అది చేసిన కీబోర్డు అబ్బాయిని పంపండి, గిటారుకూ డ్రమ్ములకూ మా దగ్గర మనుషులున్నారు అన్నారు. ఒక్కడినే పోనని మురళి మా అరుగు మీద కూర్చుండిపోయాడు. అన్నే తిట్టి లేపాడు, సంచి సర్దించాడు, రైలెక్కించాడు. స్టేషన్‌కు నేనూ వెళ్ళాను. రైలు కదిలిపోయాక ఇద్దరం ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నాం.

"ముందర నాదే విన్నారు పాపా" అన్నాడు. "విని, బాగలేదని, తిప్పి దాన్ని విన్నారు. నువ్వు చెప్పిందే కరెక్టు."

చెప్పడానికి అదే చోటు, అదే సమయం. అతను నా వైపు చూడటం లేదు కూడా. నేనేమన్నానో తెలుసా?

"చెప్పినా కదా" అన్నాను.

"చెప్పినావు" అన్నాడు.

గిటారును అన్న చర్చి కుర్రాళ్ళకు ఇచ్చేశాడు. ఎవరూ ఇవ్వమనలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. నాలుగైదేళ్ళు నాకు అదే ధైర్యంగా ఉండేది, చూడు, బాగానే ఉన్నాడు కదా అని. తర్వాత ఎప్పుడో తట్టింది. నేను ఆ గిటారును నేలకేసి కొట్టి ఉంటే ఇంకొకటి కొనుక్కుని ఉండేవాడు, నన్ను నాలుగు తిట్టి మళ్ళీ వాయించుకునేవాడు. నేను చేసింది అది కాదు. నీ పాట విన్నారు, వద్దన్నారు అని ఎవరూ చెప్పని తీర్పు ఒకటి అతని చేతిలో పెట్టాను. అతను మర్యాదగల మనిషి. తీర్పును గౌరవించాడు.

మురళి బెంగళూరు నుంచి మద్రాసు వెళ్ళాడు, ఇప్పుడు పెద్ద హోటళ్ళలో పాటలు వేస్తాడు. అన్న ఆ గోడౌన్లోనే సూపర్‌వైజర్ అయ్యాడు. ఆ మధ్య అతని కూతురి పెళ్ళిలో మనిషెత్తు బాక్సులు తెచ్చి డీజే పెట్టారు. అన్న చొక్కా తడిసేదాకా ఆడాడు. ఆడి వచ్చి, నా పక్క కుర్చీలో కూలబడి, నువ్వు అప్పుడు చెప్పేదానివి కదా పాపా, ఇందులో హీరో ఎవడూ లేడని, నిజమే అన్నాడు. నా వాదనను నాకే అప్పజెప్పాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగాడు.

చెప్పడానికి సందర్భాలు లేక కాదు. నాయన పోయినప్పుడు మేడ మీద మేమిద్దరమే కూర్చున్నాం. చెప్పి ఉండొచ్చు. చెబితే ఏమంటాడో తెలుసు, పోనీలే పాపా అంటాడు. ఆ మాట నాకు వద్దు. అతనికి నిజం దక్కాలి కదా, నీకేం కావాలన్నది ఎవరికి కావాలి అని మీరు అడగొచ్చు. అడగండి. దానికి నా దగ్గర జవాబు లేదు. నా జీవితంలో జవాబు లేకుండా నేను నిలబడింది ఇక్కడే.

ఇదిగో, చెప్పేశాను. ఏడుపు రాలేదు. మీరు నన్ను క్షమించడానికి మీకేం చేశాను గనక? ఒక మనిషికైనా తెలిసింది, ఇప్పటికి అంతే చాలు. ఒకటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, అడగడానికి ఎవరూ మిగల్లేదు. వాళ్ళు రెండూ విని డాన్స్ పాటనే ఎంచుకుని ఉంటే, నేను ఏమీ చేయకపోయినా ఇంతే జరిగి ఉండేదని అనుకోవచ్చు. గిటారు వైపు అసలు వినకపోయి ఉంటే అలా అనుకోవడానికి కూడా లేదు. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కరైనా, ఊరికే అయినా, ఆ క్యాసెట్‌ను తిప్పి పెట్టారా?