బాపు పార్కూ, నా పన్నెండో ఏడూ

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలమేం కాదులెండి, మూతికి మాస్కు లేకుండా గడప దాటని ఆ కరోనా ఎండాకాలం... అమ్మా నేనూ దుబాయ్‌లో ఒక పార్కు గేటు ముందు నిలబడ్డాం. అమ్మ చంకలో మడతపెట్టిన చద్దరు, చేతిలో సర్వపిండి ఉన్న గిన్నె. నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు... అది మా బాపు పనిచేసే పార్కు మరి!

మాది జగిత్యాల దిక్కు పల్లె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బాపు అంటే ఫోన్లో గొంతే. దుబాయ్‌లో తోటపని. మీరు రండి, మమ్జర్‌లో సముద్రం ఒడ్డు పార్కు చూపిస్తా, జబీల్ పార్కులో పడవ ఎక్కిస్తా, అన్నిటికంటే ముందు నా పార్కు చూపిస్తా అనేవాడు. "నా పార్కు" అన్నప్పుడు ఆ గొంతే మారిపోయేది. నేను బళ్ళో అందరితో మా బాపుకు దుబాయ్‌లో పార్కుందని చెప్పుకున్నాను... నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు!

చివరికి దుబాయ్‌లోనే నైఫ్ బజారులో టైలర్ షాపున్న మా మేనమామ విజిట్ వీసా తీసి మమ్మల్ని పిలిపించాడు. విమానం దిగి బాపును చూసిందెంతసేపో గానీ, ఆ వారంలోనే అన్నీ మూసేశారు. బాపు సోనాపూర్ లేబర్ క్యాంపులో, మేము నైఫ్‌లో మామ గదిలో. ఒకే ఊళ్ళో ఉండి కూడా మళ్ళీ ఫోన్లోనే మాట్లాడుకున్నాం. అమ్మ అయితే "గీ మాత్రం దానికి ఇంటికాన్నే ఉంటే అయిపోవు" అని గోడ వైపు తిరిగి పడుకునేది.

పార్కులు తెరిచారన్న కబురూ, మా తిరుగు ఫ్లైటు కబురూ ఒకేసారి వచ్చాయి. మర్నాడే ప్రయాణం. అంటే ఆ సాయంత్రం తప్పితే మళ్ళీ లేదు. బాపుతో కలిసి ఆయన పెంచిన గడ్డి మీద కూర్చుని సర్వపిండి తినాలి... అంతే నా కోరిక.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పన్నెండేళ్ళ లోపు పిల్లలను అప్పట్లో ఆ పార్కులోకి వదలడం లేదు.

"కిత్‌నే సాల్ కీ హై?"

"బారా!" అంది అమ్మ ధీమాగా, పన్నెండని.

ఆయన అమ్మ ఫోన్లో నా పాస్‌పోర్టు ఫొటో చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పదకొండే.

"బారా చల్‌రా భయ్యా, బారా చల్‌రా!"

"చల్ రహా హై దీదీ... హువా నహీ." నడుస్తోందంతే అక్కా, నిండలేదు అని.

అమ్మ అబద్ధమాడలేదండీ. మన ఊళ్ళో వయసడిగితే నడుస్తున్న ఏడే చెబుతాం కదా... నిండిన ఏళ్ళు ఎవరు చెబుతారు! "నడుస్తున్నది గదా... నడిచేటిదాన్ని ఆపుతరా ఎవలన్న?" అని అమ్మ తెలుగులోనే వాదన పెట్టుకుంది. పాపం, ఆయనకేం అర్థమవుతుంది!

డ్యూటీలో ఉన్న బాపు లోపలి నుంచి పరుగున వచ్చాడు. యూనిఫాం అంతా మట్టి. "దో మినిట్ యార్, బచ్చీ హై" అని బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపి, "ముదీర్ చూస్తే నీదీ నాదీ ఇద్దరి నౌకరీ ఖలాస్" అన్నాడు హిందీలో. ముదీర్ అంటే అక్కడి మేనేజరు. చెబుతున్నప్పుడు ఆయన మొహం కూడా చిన్నబోయింది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బాపు కంచె వైపు చెయ్యి చూపించి, "కంచె పొంటి నడువుండ్రి... నేను లోపట్నుంచి వస్త" అన్నాడు.

అట్లా చూశాను మా బాపు పార్కు. ఆయన లోపల, మేము బయట, మధ్యలో ఇనుప ఊచలు. పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. "గీ గడ్డంత నేను పెంచిందే... గా ఉయ్యాల కాడ శుక్కురారం సుట్టీ నాడు పోరగాండ్లతోని జాగ దొరకకపోవు..." ఎవరో పెద్దమనుషులకు చూపిస్తున్నట్టు చెయ్యెత్తి ఒక్కొక్కటీ చూపించాడు. ఎర్రగా విరగబూసిన మడి దగ్గర ఆగి, "ఎట్లున్నయి?" అన్నాడు గర్వంగా.

"బిళ్ళగన్నేరే గద బాపూ! మన బోరింగు కాడ వాటంతటవే మొలుస్తయి!"

బాపు పకపకా నవ్వాడు. "ఈడ ఏదీ వాటంతటది మొలువది బిడ్డా. గడ్డిపోసకు గూడ మనమే నీళ్లు పెట్టాలె."

కొంచెం దూరం పోయాక కంచెకు చెట్ల గుబురు అడ్డమొచ్చింది. మనిషి కనబడడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది.

"ఉన్నవా బిడ్డా?"

"ఉన్న బాపూ..."

గుబురు దాటేవరకూ ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివర్లో గిన్నె ఊచల సందులో పట్టలేదు. సర్వపిండిని ముక్కలు చేసి ఒక్కొక్కటే అందించాం. బాపు అక్కడే గడ్డి మీద కూలబడి తిన్నాడు, మేము ఇవతల ఫుట్‌పాత్ మీద చద్దరు పరుచుకుని తిన్నాం.

ఆ తర్వాత కొన్నేళ్ళకు బాపు దుబాయ్ చాలించుకుని ఇంటికొచ్చేశాడు. నేనిప్పుడు డిగ్రీలో చేరాను. మొన్న ఎవరో ఆ పార్కు వీడియో పెడితే ఆయనకు చూపించాను. చివరిదాకా చూసి, "గా యాపచెట్లు నేను నాటినయే... నీడ మంచిగ పడ్డది" అని ఫోన్ నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయాడు. వీడియోలో ఆ నీడన ఎవరో పిల్ల వాళ్ళ నాన్న ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

ఇప్పుడు బాపు రోజూ నా కళ్ళముందే ఉన్నాడు. పొలానికీ, సంతకూ కలిసే వెళ్తున్నాం. అయినా ఆ గడ్డి మీద ఆయన పక్కన కూర్చోవాలని నాకు ఇంకా ఉంది... మామ కూడా ఇంటికొచ్చేశాడు, అక్కడ ఇప్పుడు మమ్మల్ని పిలిచేవాళ్ళెవరూ లేరు.

మీ నాన్న పనిచేసిన చోట, ఆయన పక్కనే లోపల నడిచినవాళ్ళు మీలో ఉంటే... అది ఎట్లా ఉంటుందో కొంచెం రాయరూ...