విల్ఫ్ కొలిచిన పదకొండు మీటర్లు

ఇతరులు చెప్పిన కొలతను విల్ఫ్ హాడర్స్‌లీ చచ్చినా నమ్మడు. పన్నెండంగుళాల పిజ్జా అరంగుళం తగ్గిందని తిప్పి పంపిన ఘనుడాయన. ఎదురింటి పెద్దాయన అంత్యక్రియల్లో శవపేటికకు టేపు పెట్టి చూసి, "ఇరుకేం లేదమ్మా, హాయిగా పడుకుంటాడు" అని ఏడుస్తున్న ఆ పెద్దాయన భార్యను ఓదార్చాడు.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, కొండవాలు మీదున్న నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో ఉంటాడాయన. విల్ఫ్‌కు సరిగ్గా పైన, చివరి అంతస్తులో, బస్సు డ్రైవరు మాక్సీన్ ఓల్డ్‌రాయిడ్ అప్పు చేసి ఫ్లాటు కొనుక్కుంది. ఒకరోజు ఆమెకు ఉత్తరం వచ్చింది. గోడలకు తొడిగిన పలకలు ఇట్టే నిప్పంటుకునే రకమట, అన్నీ పీకి కొత్తవి వేయాలట. ఆమె వాటా నలభై వేల పౌండ్లు. భవనం ఎత్తు, నేల నుంచి చివరి అంతస్తు గచ్చు దాకా, కనీసం పదకొండు మీటర్లుంటే ఆ ఖర్చు కొనుక్కున్నవాళ్ల మీద పడకుండా చట్టం కాపాడుతుంది. ఇది మాత్రం పది మీటర్ల ఎనభై సెంటీమీటర్లేనని యజమాని కంపెనీ రాసింది.

"ఇరవై సెంటీమీటర్లకి నా కొంప మునిగింది విల్ఫ్! ఇల్లమ్మినా తీరదు!"

"ఎవరు కొలిచారు?"

"కంపెనీ వాళ్లే."

"అయితే ఇంకా ఎవరూ కొలవలేదన్నమాట" అంటూ ఆయన టేపు తీశాడు.

మూడు ఆదివారాలు వానలో భవనం చుట్టూ తిరిగాడు. మాక్సీన్ వంటగదిలో దూరి, "కాలు తియ్యమ్మాయ్, నీ నేల కావాలి" అని కిటికీలోంచి టేపు కిందికి వదిలాడు. పైనుంచి చూసినవాళ్లు ముసలాయనకు మతి పోయిందనుకున్నారు.

నాలుగో వారం కంపెనీ సర్వేయరు వచ్చాడు. "ముందువైపు గుమ్మం దగ్గర కొలిచామండీ. పై అంతస్తు నేల దాకా పది ఎనభై."

"వెనక్కి రా నాయనా. నేల ఎక్కడ పల్లమైతే అక్కణ్ణుంచి కొలవాలి. చట్టం చదవలేదూ?"

వెనక చెత్తడబ్బాల దగ్గర సర్వేయరు తన పరికరం పెట్టాడు. పదకొండు మీటర్ల నలభై ఒకటి.

"నలభై రెండు" అన్నాడు విల్ఫ్. ఆ ఒక్క సెంటీమీటరు కోసం ఇద్దరూ అరగంట కొట్లాడుకున్నారు. మాక్సీన్ అక్కడే మెట్ల మీద కూలబడి పకపకా నవ్వింది, ఆ వెంటనే బావురుమంది.

కాసేపటికి ఆమెకు అనుమానం వచ్చింది. "విల్ఫ్, మీరు అద్దెకుంటున్నారు కదా! ఆ బిల్లు మీకెలాగూ రాదుగా?"

"రాదు."

"మరి వానలో ఈ పాట్లన్నీ ఎందుకు పడ్డారు?"

ఆయన ముఖం చిట్లించాడు. "పొద్దున్నే నాలుగున్నరకి నా నెత్తి మీద నువ్వు నడుస్తావు. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నాకు వినబడే మనిషి అలికిడి అదొక్కటే. నువ్వమ్ముకుని పోతే, వచ్చేవాడు మెత్తగా నడిచే రకమైతేనో?"

మర్నాడు డ్యూటీకి బయల్దేరే ముందు మాక్సీన్ బూట్లు తొడుక్కుని, పనేమీ లేకపోయినా, వంటగదిలో నాలుగు చుట్లు గట్టిగా తిరిగింది.