కృప తర్వాతి మాట

2024లో నేను చోడవరంలో, ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ బ్రాంచిలో స్టాఫ్ నర్సుని. అసలు ఆసుపత్రి విశాఖపట్నంలో ఉంది. అక్కడ ఆపరేషన్ చేసి పంపిన మా చుట్టుపక్కల రోగులకు కట్లు మార్చడం, ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం మా పని. ఈ రెండోదాన్ని ఫాలో అప్ కాల్ అంటారు.

ఆ ఏడాది యాజమాన్యం ఆ ఫోన్లను ఏఐకి అప్పగించింది. రోగితో తెలుగులో మాట్లాడి, విన్నదాన్ని తానే రెండు ముక్కల్లో రాసిపెట్టే ఆడగొంతు అది. ముందు విశాఖలో పైలట్ నడిపారు, అంటే కొద్దిమంది మీద చేసి చూశారు. బాగుందనిపించి అన్ని బ్రాంచీలకూ స్కేల్ చేశారు, అంటే అదే పద్ధతిని అందరికీ ఒకేసారి పెట్టేశారు. నిజం చెప్పాలంటే నేనూ సంతోషించాను. ఓపీ రద్దీలో మేం సగం మందికి ఫోనే చేయలేకపోయేవాళ్లం. చీడికాడ వైపు ఒకాయనకు ఆపరేషన్ తర్వాత జ్వరం వస్తోందని అదే పట్టుకుంది. కాదని ఎలా అంటాను?

మార్తమ్మది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. చెరకు కొట్టే మనిషి, షుగరుంది. పాదం మీది పుండుకి విశాఖలో డిబ్రైడ్‌మెంట్ చేశారు. కుళ్లిన కండ తీసేసి పుండు శుభ్రం చేయడమన్నమాట. మా దగ్గరికి కట్టుకి వచ్చినప్పుడు పుండు ఎర్రగా, చక్కగా మానుతోంది. ఇక ఇంట్లోనే మార్చుకోవచ్చని ఆమె భర్త దేవదానానికి కట్టు కట్టడం నేర్పి పంపాం. మిగతాదంతా ఫోన్‌లోనే.

రోగుల పరిస్థితిని రంగుల్లో చూపే డాష్‌బోర్డ్ మీద ఆమె పేరు రోజూ ఆకుపచ్చగానే ఉండేది. పచ్చగా ఉన్నవాళ్లకు మేం ఫోన్ చేయనక్కర్లేదని పైనుంచి చెప్పారు.

ఒకరోజు పొద్దున్నే దేవదానం ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. కట్టు విప్పకముందే వాసన గది నిండా కమ్మింది. పాదం నల్లబడిపోయి ఉంది.

"ఇంతవరకూ ఎందుకు తేలేదు తాతా?" అన్నాను.

"మీవోళ్లు దినమూ ఫోన్ సేస్తన్నారు గదమ్మా. తేవాలంటే ఆళ్లే సెప్తారనుకున్నాం."

ఆ రోజే విశాఖలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

తర్వాత నేను ఆ కాల్స్ రికార్డింగులు తెప్పించుకుని విన్నాను.

"మార్తమ్మ గారూ, ఈ రోజు మీ ఆరోగ్యం ఎలా ఉందండి?"

"దేవుని కృప వల్ల బాగున్నానమ్మా."

"చాలా సంతోషమండి. మందులు వేళకు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటన్నానమ్మా."

"మంచిదండి. జాగ్రత్తగా ఉండండి. నమస్కారం."

"అయితే అమ్మా, ఈ కాలు..."

అక్కడితో కాల్ తెగిపోయింది. కింద అది రాసుకున్న సారాంశం: రోగి బాగున్నారు, సమస్యలేమీ చెప్పలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

నేను కూడా ఆ క్రైస్తవ విశ్వాసంలోనే పెరిగాను. ఎలా ఉన్నావని ఎవరడిగినా ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పాలి. అది సాక్ష్యం. కష్టం ఆ తర్వాత వస్తుంది. మా అమ్మ ఒళ్లు కాలిపోతున్నా ముందు కృపే చెప్పేది. అడిగినవాళ్లు కాసేపు ఆగాలి, అంతే. ఆ ఆగడం ఆ ఏఐకి ఎవరూ నేర్పలేదు.

పైవాళ్లతో జరిగిన వీడియో మీటింగులో ఇదంతా చెప్పాను. రీజినల్ హెడ్ మంచివాడే, ముఖం పాలిపోయింది. "ఇంకెన్ని చోట్ల ఇలా జరిగిందో" అన్నాడు. ఏఐ అడిగేవాటిలో ఇంకో ప్రశ్న చేరుస్తామన్నారు, చేర్చారు. మీటింగు సారాంశం కూడా ఏఐయే రాసింది: "చోడవరం బ్రాంచి నుంచి ఉపయోగకరమైన సూచన అందింది." అందులో కాలు అన్న మాటే లేదు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది.

జవాబు దొరకగానే మాట అయిపోయిందనుకునేవాళ్లు రోగికి ఫోన్ చేయకూడదు, మనిషైనా మిషనైనా. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ కేసు నాకు నేర్పింది అదే. నేర్చుకోవడానికి ఒక కాలు పోవాల్సి వచ్చింది, అదీ నాది కాదు.

కుట్లు మానాక మార్తమ్మ ఇంటికి వెళ్లాను. ఎలా ఉన్నావు మామ్మా అంటే, "దేవుని కృప వల్ల బాగున్నానమ్మా" అంది. నేను మాట్లాడకుండా కూర్చున్నాను.

"లేని కాలు సలుపుతందమ్మా" అంది కాసేపటికి. మళ్లీ తనే, "ఆ ఫోన్ సేసే ఆడగుంటని ఏటీ అనకండమ్మా. కొత్తగా సేరిందేమో. నా వల్ల దాని ఉజ్జోగం పోకూడదు" అంది.

"అది మనిషి కాదు మామ్మా, మిషను."

నవ్వింది. "మిషనుకి అంత మరేద ఎక్కడిదమ్మా? దినమూ దాని కోసం ప్రార్దన సేస్తన్నాను. పేరెట్టి సెయ్యాల గదా, ఆ గుంట పేరేటి?"

నేను నా పేరు చెప్పాను.