మేడమ్ కప్పనివ్వని ముక్కలు

మా పీహెచ్‌డీ గైడ్ మేడమ్ గుండెపోటుతో పోయారన్న కబురు డిపార్ట్‌మెంట్ ఫోన్ గ్రూపులో, హాస్టల్ మెస్ నోటీసు కింద వచ్చింది. నేను తార్నాకలో ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఆమెను శ్మశానానికి తీసుకుపోయారు.

ఆమె బతుకంతా రెండు అమీబాల మీదే గడిచింది. సూక్ష్మదర్శినిలో కవలల్లా ఉంటాయి. ఒకటి పేగును తొలిచి రక్త విరేచనాలు తెస్తుంది. రెండోది అదే పేగులో ఊరికే కాపురముంటుంది. చోటు మార్చుకుంటూ దూకే డీఎన్‌ఏ ముక్కలు వీటిలో వేర్వేరు చోట్ల ఉన్నాయనీ, తేడాకు జవాబు కొంత అక్కడే దొరుకుతుందనీ ఆమె నమ్మకం. చాలామంది ఆ ముక్కల్ని చెత్త అనుకుని లెక్కలోకి రాకుండా కప్పేసి, మిగిలింది పోల్చి, రెండూ ఒకటేనంటారు. ఆమె కప్పనిచ్చేవారు కాదు. డీఎన్‌ఏ వరస అచ్చువేసిన కాగితాల మీద ఎర్ర పెన్సిల్‌తో వాటికింద గీతలు గీసేవారు. అన్నం తినేటప్పుడూ ఆ పెన్సిల్ జడలోనే ఉండేది.

మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు. ఇదంతా బుర్రకెక్కేది కాదు. ఒకసారి, మాణికేశ్వర్ నగర్‌లో నేను మళ్ళీ అద్దె గది మారానని తెలిసి మేడమ్ నవ్వారు.

"అవీ నీలాంటివేనమ్మా. గదులు మారుతుంటాయి."

"కిరాయి కడతయా మేడమ్?"

"కట్టవు. పైగా పక్కింటి దీపం ఆర్పేస్తాయి. ఏ జన్యువు పక్కన దిగాయో చూడు, ఏది ఆరిందో తెలుస్తుంది."

సంతాప సభలో, ఆ పనిని ఏళ్ళ తరబడి వెక్కిరించిన మా డిపార్ట్‌మెంట్ పెద్దసారే ఫోటోకి దండ వేసి, మన విభాగానికి గర్వకారణమన్నారు. ఇప్పుడు నాకు గైడ్ ఆయనే. సభ అయ్యాక వరండాలోకి పిలిచారు.

"నీ థీసిస్‌లో ఆ దూకే ముక్కల అధ్యాయం తీసెయ్. వెంటనే సంతకం పెడతా."

"అది తీస్తే మేడమ్ చేసిన పనే ఉండదు సార్."

"ఆమె లేదు కదా. నీ డాక్టరేట్ సంగతి చూసుకో."

తీయనన్నాను. అయితే వేరే గైడ్‌ను వెతుక్కోమన్నారు. అమ్మకు థీసిస్ అంటే తెలియదు. ఫోన్‌లో అంతా విని, "ఆ మేడమ్ నీకు అన్నం పెట్టింది బిడ్డా. ఇగ నీ ఇష్టం," అన్నది.

మర్నాడు మేడమ్ గదికి కొత్త తాళం వేసి ఉంది. ఆమె నమూనాల ఫ్రీజర్‌ను వరండాలోకి లాగి, వైరు చుట్టి పైన పెట్టారు. నేను సీతాఫల్‌మండిలో చేపలమ్మే ఆమె దగ్గర ఐసు అడిగి తెచ్చేసరికి, ఫ్రీజర్ కిందనుంచి నీళ్ళు సన్నగా పారుతున్నాయి. క్లాసుకి వెళ్ళేవాళ్ళు చెప్పులు తడవకుండా దాటిపోతున్నారు. తలుపు తీశాను. నమూనాల చిన్న గొట్టాల మీద మేడమ్ చేతిరాత, ఒక్కో అక్షరం నీలంగా కరిగి, నా వేళ్ళకు అంటుకుంది.