ఉన్నాదా, ఉండీదా

నేను చేసేది మెడికల్ కోడింగ్. అదేమిటో మా బంధువుల్లో సగం మందికి తెలీదు. కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి నీడపట్టున చేసే ఉద్యోగమని మాత్రం తెలుసు. అమెరికాలో ఏదో ఆసుపత్రి డాక్టరు రాసిన కాగితం, నరసన్నపేటలో నా అద్దెగది తెర మీదికి వస్తుంది. ఆయన ఏం చేశాడో ఒక కోడు, ఎందుకు చేశాడో ఇంకో కోడు వెయ్యాలి. వాటిని బట్టే బిల్లు. నాకు వచ్చేవన్నీ పోర్టు కేసులు. కీమో మందు ఎక్కించీ ఎక్కించీ చేతి నరాలు పాడైపోతాయని, మెడ ఎముక కింద చర్మం లోపల రూపాయి బిళ్ళంత పరికరం పెడతారు. అదే పోర్టు.

పెట్టడం కన్నా తీయడంలో మెలిక ఎక్కువ. నయమై తీసినా, ఇక లాభం లేదని తీసినా, తీసినందుకు వేసే కోడు ఒకటే. తేడా అంతా రెండో కోడులో ఉంటుంది. క్యాన్సర్ ఇంకా ఉన్నదా, ఒకప్పుడు ఉండేదా? కొత్తగా చేరినవాళ్ళకి మా యాసలోనే చెప్పేదాన్ని. "ఉన్నాదా, ఉండీదా, ముందు అది సూసుకోండి. డాక్టరు రాసింది తప్ప మీ సొంత పైత్యం రాయకండి." ఈ పాఠం చెప్పి తెగ మురిసిపోయేదాన్ని.

కోటబొమ్మాళిలో ఉండే మా అక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆ బిళ్ళే పెట్టారు. "మాయావిడికి పోర్టు పెట్టారు" అని బావ ఎవరితోనో అంటే, సముద్రం ఒడ్డున కడుతున్న పోర్టు అనుకుని అవతలాయన "అయితే ఉద్యోగాలిస్తారేటి?" అని అడిగాడట. ఎంత నీరసంగా ఉన్నా ఆ మాట గుర్తు చేస్తే అక్క నవ్వేది.

కొన్నాళ్ళకి పోర్టు దగ్గర చీము పట్టి, చలిజ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చి పోర్టు తీసేశారు. ఆమెను ఇంటికి తెచ్చిన మర్నాడు బావ ఒక్కడే బస్సెక్కి నా గదికి వచ్చి, డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టాడు.

"డాట్రుబాబు ఏటో సెప్పాడు. నాకు సగమే బోదపడింది. నువ్వు సదువు."

చదివాను. రోజూ చదివే మాటలే. చీము పట్టినందుకు పోర్టు తీశారు. క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక కీమో లేదు. నొప్పికి మాత్రలు రాసిచ్చారు. ఏదీ దాచకుండా బావకి చెప్పాను. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దానికి సెప్పకు. బిళ్ళ తీసేసినారు గదా, రోగం పోనాదనుకుంటన్నాది" అన్నాడు.

సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. చెప్పే పని తప్పింది కదా అని.

మాది మిషన్ చర్చి కుటుంబం. మేలు జరిగినవాళ్ళు ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మాకు ఆనవాయితీ. ఆ వారం అక్క ఉతికిన తెల్లచీర కట్టుకుని, బావ చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. నేను మూడో వరసలో ఉన్నాను.

"నాకు రోగం ఉండీది. పెబువు తీసేసినాడు. బిళ్ళ కూడా తీసేసినారు." గాజులు జారిపోతున్న చేత్తో నా వైపు చూపించింది. "నా మాట నమ్మకపోతే మా సెల్లిని అడగండి. అది రోజూ ఇలాటి కాయితాలే సదువుతాది."

అందరూ వెనక్కి తిరిగారు. బావ తల దించుకున్నాడు. పాస్టరుగారు నవ్వుతూ, లేవమన్నట్టు సైగ చేశారు. లేచాను. "అవునండి" అన్నాను. స్తోత్రం, స్తోత్రం అని చర్చి అంతా మోగిపోయింది. ఊహలు రాయకూడదని ఊరందరికీ పాఠాలు చెప్పినదాన్ని, నోటితో "ఉండీది" కోడు వేసేశాను.

మర్నాటి నుంచి అక్క నొప్పి మాత్రలు మానేసింది. బాగుపడినదానికి మాత్రలెందుకంది. సంఘం ముందు ఒకటి చెప్పి ఇంట్లో ఇంకోటి చేస్తే దేవుడు ఊరుకుంటాడా అంది. బావ బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు. మాత్రలు పాలల్లో కలిపిస్తే వాసన పట్టి పక్కన పెట్టేసింది. నొప్పి వచ్చినప్పుడు దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేది, వీధిలోకి వినపడితే సాక్ష్యం అబద్ధమవుతుందని. నేను సెలవు పెట్టి వెళ్ళి ఆమె మంచం పక్కనే కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒసే, నువ్వు కూడా లేసి సెప్పినావు గదే. మరి ఈ నొప్పేటి? నా ఇస్వాసం సాల్లేదేటి?"

అప్పుడైనా చెప్పొచ్చు. నీ విశ్వాసంలో లోటేం లేదక్కా, రోగం ఇంకా ఉంది, మాత్ర వేసుకో. అంతే కదా. కానీ చెబితే చర్చిలో నేనన్న "అవునండి" ఏమవుతుందోనని భయపడ్డాను. ఆమె కాళ్ళు పడుతూ "తగ్గుతాదక్కా" అన్నాను.

అక్క ఆ వారంలోనే పోయింది. చివరి రెండు రోజులూ, తన నమ్మకం చాలనందుకు మన్నించమని దేవుణ్ణి అడుగుతూనే ఉంది.