చెల్లెలి లంగా మడత

అమ్మ ట్రంకుపెట్టె మూత ఎత్తగానే గుప్పుమన్న కలరా ఉండల వాసన కంబదూరు దాకా కొట్టి ఉంటుంది. అడుగున నా చెల్లెలు సుజి పచ్చ పట్టులంగా. దానికి ఎనిమిదేళ్లప్పుడు, పెరిగే పిల్ల కదా, ఏటా కాస్త విప్పుకోవచ్చని దర్జీ చేత నాలుగు వేళ్ల మడత లోపలికి కుట్టించింది అమ్మ.

చెనక్కాయ పండిన ఏడాది మా ఇంట్లో ఉడికే పచ్చికాయల ఆవిరి, బెల్లంపాకం, నాయన చెవి సందున బీడీ ముక్క, కళ్లంలో కాయలు రాల్చిన చెనక్కట్టె వామి. ఆ వామి మబ్బులకు అడ్డం నిలబడబట్టే మాకు వానలు లేవని బడిలో చెప్పేవాణ్ణి. నాకు పదకొండేళ్లు, సుజికి ఎనిమిది. పైనుంచి దూకితే పప్పుండ ఇస్తానన్నాను. దూకింది. తల రాతిగుండుకు తగిలింది. కాసేపు పలకలేదు, లేచాక రెండుసార్లు వాంతి చేసుకుంది.

"నాయనకు చెప్పొద్దు పాపా," అని పప్పుండలన్నీ ఇచ్చేశాను. బల్లిని మొసలి చేసి చెప్పే నేను ఆ ఒక్కదాన్నే తగ్గించి చెప్పాను: "గడప తట్టుకొని పడిందిమా, చిన్న బొప్పి." అమ్మ కాఫీపొడి అద్దింది. వారానికి బొప్పి పోయింది.

ఆ తర్వాత ప్రతి ఉగాదికీ, పెనం మీద ఓళిగలు కాలుతుండగా, సుజి లంగా కట్టుకొని నిలబడేది. అమ్మ కత్తెరతో కూర్చుని, మడత విప్పకుండానే లేచేది.

"వానల్లేక చెనక్కాయ చెట్లే గిడసబారిపాయ, ఇది యాడ పెరుగుతాది," అనేవాడు నాయన. మా నేలలో పెరగనిదాన్ని ఎవరూ వింతగా చూడరు. నేనైతే మా మేకపిల్ల ఎత్తులో సుజిని దాటేసిందని ఊరంతా నవ్వించాను.

పదహారు నిండినా సుజి పెద్దమనిషి కాలేదని అనంతపురం తీసుకెళ్లాం. చిన్నప్పుడు తలకు దెబ్బేమైనా తగిలిందా అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్," అంది అమ్మ.

సుజి నా వైపు చూసింది. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. ఆయన పెద్దమనిషి కావడానికని ఏవో మాత్రలు రాశాడు.

నాలుగేళ్లకు, అది మంచం దిగలేనంత నీరసపడ్డాక, ఇంకో డాక్టరు ముందు నోరు విప్పాను. మెదడు అడుగున చెనగ్గింజంత గ్రంథి ఉంటుందట, ఒంటిని ఎదగమని చెప్పేది అదేనట, ఆ దెబ్బకు మెల్లగా చచ్చుబడిందట. అప్పుడే తెలిస్తే సూదిమందు ఉండేది; ఇప్పుడు ఎముకలు పెరిగే వయసు దాటింది, బతికినన్నాళ్లూ మాత్రలే అన్నాడు.

"ఎందుకు చెప్పకపోతివే," అని అమ్మ ఏడ్చింది.

"అన్న చెప్పొద్దన్నాడు గదమా," అంది సుజి.

ఇప్పుడు ఆ కళ్లం లేదు, వామి లేదు, పిల్లల బట్టలకు మడత వదిలి కుట్టే దర్జీ లేడు. అమ్మ తెరిచిన పెట్టెలోంచి సుజి ఆ లంగాను తీసి నడుముకు ఆనించి చూసుకుంది.

"ఇంగా సరిపోతాదన్నా."

పైన పచ్చ వెలిసిపోయింది. కత్తెర తెచ్చి మడత విప్పాను. లోపల రంగు నిన్న నేసినట్టే ఉంది. నాలుగు వేళ్లు, అంతే. పెంచి చెప్పడం లేదు.