సొలాంజ్ సంతకం

ఊరకరారు మహానుభావులు. ఆరేళ్లుగా సెంతోరెన్ ఊరి మొహం చూడని సెనేటర్ పూజోల్, జనవరి చివరి గురువారం బురదలో బూట్లు ఈడ్చుకుంటూ మేయరు సొలాంజ్ వెర్న్యో ఇంటి తలుపు తట్టాడంటే దాని వెనక ఏదో ఉండి తీరాలి. చేతిలో పాకం పట్టిన చెస్ట్‌నట్ మిఠాయి పెట్టె కూడా ఉంది. సొలాంజ్ ఆ పెట్టె విప్పకుండా అల్మారా మీద పెట్టేసి, పొద్దున చేసిన బంగాళాదుంప మీగడ రొట్టె ఒక ముక్క కోసి ఆయన ముందుంచింది. ఆయన తిని మెచ్చుకున్నాడు. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. తన మోకాలి సంగతి ఈయనకెవరు మోశారా అని ఆమెకు అప్పుడే అనుమానం మొదలైంది.

"కాగితం వచ్చిందా మేయరు గారూ?"

"అందరికీ వచ్చినట్టే వచ్చింది."

"పంపేశారా?"

"ఎందుకండీ?"

"ఏం లేదు, తొందరపడొద్దని. ఇంకా నెల గడువుంది కదా."

"పోయిన వారమేగా మీ పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి వెంటనే పంపమన్నారు?"

"వాళ్లు వాళ్లే, నేను నేనే," అని నవ్వి సెనేటర్ ఇంకో ముక్క అడిగాడు.

ఆ కాగితం మాటకొస్తే, పారిస్ మేయరుకైనా తొంభై నాలుగు గడపలున్న సెంతోరెన్ మేయరుకైనా ఒక్కటే వస్తుంది. అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే అలాంటివి ఐదువందలు కావాలి. మేయరు దాని మీద ఒక్క పేరే రాసి సంతకం చేయాలి. పోస్టులో వేశాక దేవుడొచ్చి అడిగినా తిరిగి ఇవ్వరు. ఎవరు ఎవరికి రాశారో వారానికి రెండుసార్లు పేర్లతో సహా లోకానికి చాటుతారు.

సొలాంజ్‌కు అరవై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లుగా బడి బస్సు నడుపుతోంది. వెనక సీట్లలో ఎవరేం చేస్తున్నారో అద్దంలో చూసుకుంటూ బతికిన మనిషి కాబట్టి ఎదురుగా వచ్చి మాట్లాడేవాళ్లను ఆమె ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. క్రిస్మస్ కార్డు వచ్చినా తిప్పి చూసి, పంపినవాడికి తనతో ఏం పనిబడిందోనని ఆలోచించేది. మేయరు పదవి అందరూ వద్దన్నప్పుడు, "బస్సు నడిపేదానివి, ఊరు నడపలేవా?" అని ఆమెను ముందుకు తోసినవాడు ఫిర్మిన్ ఓజలా. పశువులు పెంచుతాడు. ఆమెకు డిప్యూటీ మేయరు, ముప్పై ఏళ్లుగా ఆదివారం పేకాటలో జంట. ఊరి ఆఫీసుకున్న రెండో తాళంచెవి అతని దగ్గరే ఉండేది. ఆమె నమ్మిన ఒక్క మనిషి ఎవరంటే అతనే.

సెనేటర్ వాళ్ల పార్టీ తన అభ్యర్థిని శరదృతువులో జనం చేతే ఎన్నిక చేయించింది. ఆ ఆదివారం సొలాంజ్ తన ఆఫీసు గదిలోనే బల్ల వేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది. మూడు ఊళ్ల నుంచి నలభై ఒక్కమంది వచ్చారు. ఇరవై ఏడు ఓట్లు గిస్లాన్ దెలోరియేకు పడ్డాయి. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. జనవరి మొదట్లో దెలోరియే టీవీ చర్చలో కూర్చుని తన పింఛను పథకం తనే మరిచిపోయి నీళ్లు నమిలాడు. ఆ రోజు నుంచి సర్వేల్లో జారుతూ జారుతూ తొమ్మిది శాతానికి దిగాడు. అతన్ని తీసేసి ఇంకొకరిని పెట్టాలని పారిస్‌లో గుసగుసలు బయల్దేరాయి.

సెనేటర్ వచ్చి వెళ్లిన ఆదివారం పేక కలుపుతూ ఫిర్మిన్ మళ్లీ అదే మాట ఎత్తాడు.

"మార్చాలి సొలాంజ్. గెలవనివాణ్ని పట్టుకుని వేలాడితే అవతలివాళ్లకు పండగ."

"మరి ఆ రోజు నేను లెక్కపెట్టినవి ఓట్లా, చిక్కుడు గింజలా?"

"నేనూ అతనికే వేశాను. కుంటి ఎద్దని తెలిశాక కూడా బండికి కడతానా?"

"కుంటిదని చెప్పిందెవరు? కొత్త ఎద్దును అమ్మేవాళ్లేగా."

"నీతో పేకాడొచ్చు గానీ మాట్లాడలేం."

"ఒక్కసారి మాట తడబడ్డాడని మనిషిని తీసేస్తారా ఫిర్మిన్? జనం ఎన్నుకున్న మనిషిని?"

ఫిర్మిన్ ముక్కలు పంచి, ఊరికే అడిగినట్టుగా అడిగాడు. "ఇంతకీ కాగితం పంపావా?"

సెనేటర్ అడిగిన ప్రశ్నే ఇది. సొలాంజ్ ముక్కలు సర్దుకుంది. ఆ రోజు ఇద్దరూ ఓడిపోయారు.

మంగళవారం పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని వెళుతుంటే ఫిర్మిన్ కొట్టం ముందు సెనేటర్ బూడిదరంగు కారు కనబడింది. పిల్లల్ని దింపి వెనక్కి వస్తుంటే ఇంకా అక్కడే ఉంది. సాయంత్రం ఫిర్మిన్ ఆఫీసుకొచ్చాడు. సెనేటర్ ఊసే ఎత్తలేదు.

"పంపావా లేదా? చెప్పెయ్ సొలాంజ్."

"సెనేటర్ ఎందుకొచ్చాడు?"

ఫిర్మిన్ చేతిలోని టోపీ వైపు చూశాడు. "ఒక ఎద్దును చూడ్డానికి."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికి అన్నట్టుంది. పారిస్‌లో సూట్లు కుట్టించుకునే మనిషికి ఎద్దెందుకు? అనుమానం పెనుభూతం అంటారు, అది సొలాంజ్ నెత్తికెక్కి కూర్చుంది. మోకాలి సంగతి మోసింది ఇతనే. అభ్యర్థిని మార్చాలని వాదించిందీ ఇతనే. రేపు ఆ తాళంతో ఆఫీసులో దూరి సొరుగులోంచి కాగితం మాయం చేసేదీ ఇతనే. ముప్పై ఏళ్ల స్నేహం ఆమెకు ఆ నిమిషంలో ఒక్క పిసరు కూడా అడ్డుపడలేదు.

"నీ తాళం ఇలా ఇవ్వు," అంది.

అతను గుత్తిలోంచి తాళం తీసి, బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె ఒక ఉత్తర్వు రాసి అతని బాధ్యతలన్నీ రద్దు చేసింది. మేయరుకు అది ఐదు నిమిషాల పని. వాటిని తేనెటీగలు పెంచే ఎగ్లాంటీన్‌కు అప్పగించి, మర్నాడే తాళం ఆమె చేతిలో పెట్టింది.

గురువారం ఆ కాగితం మీద దెలోరియే పేరు పెద్దక్షరాలతో రాసి సంతకం పెట్టింది. ఊరి పోస్టామెను కూడా నమ్మకపోవడంతో, పిల్లల్ని బడిలో దింపి ఖాళీ బస్సును నలభై కిలోమీటర్లు తోలుకుంటూ పోయి, పక్క జిల్లాలో తననెవరూ ఎరగని పోస్టాఫీసులో రశీదు తీసుకుని మరీ ఇచ్చింది. తిరుగుదారిలో హాయిగా ఈల వేసుకుంది. అందరి ఎత్తులూ చిత్తు చేశాననుకుంది పిచ్చిది.

తర్వాతి మంగళవారం జాబితాలో ఆమె పేరు, ఊరు, ఎదురుగా దెలోరియే పేరు వచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం రేడియోలో దెలోరియే తనంతట తానే తప్పుకున్నాడు. డాక్టర్లు చెప్పారట. సాయంత్రానికి పార్టీ కొత్త పేరు చెప్పింది. ఆగమంటే ఆగిన మేయర్లందరి దగ్గరా కాగితాలు ఖాళీగా ఉన్నాయి. సొలాంజ్ కాగితం మాత్రం బరిలో లేని మనిషి పేరు మీద శాశ్వతంగా ఉండిపోయింది.

ఆ సాయంత్రమే సెనేటర్ ఫోన్ చేశాడు.

"జాబితా చూశానండీ. మీ పేరు మొన్న మంగళవారం దాకా రాలేదేం? ముందే పంపేశారని కదా ఫిర్మిన్ చెప్పాడు."

"ఫిర్మినా? ఏం చెప్పాడు?"

"ఆ మంగళవారం గంటసేపు బతిమాలాను, మీకు నచ్చజెప్పమని. ఆవిడ పంపేసింది, ఇక ఆవిడ జోలికి రాకండి అని నన్ను కొట్టంలోంచి పంపేశాడు. అది నమ్మే నేను మళ్లీ రాలేదు. దెలోరియే ఆరోగ్యం సంగతి అప్పటికి బయట చెప్పకూడదు."

"మరి నా మోకాలి గురించి మీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా మేయరు గారూ? మీరు కుంటుతూనే కదా తలుపు తీశారు."

సొలాంజ్ కోటు కూడా వేసుకోకుండా తాళం కోసం ఎగ్లాంటీన్ ఇంటికి, అక్కణ్నుంచి ఫిర్మిన్ కొట్టానికి పోయింది. అతను ఆవులకు ఎండుగడ్డి వేస్తున్నాడు.

"నాతో చెప్పొచ్చు కదా," అంది.

"చెబితే ఊరుకుంటావా? సెనేటర్ నన్ను పట్టుకుని అడుగుతున్నాడంటే నీకు వారం నిద్రుండదు. అబద్ధమాడి అతన్ని పంపేశాను. నువ్వు పంపావో లేదో తెలిస్తే ఆ అబద్ధం నిలుస్తుందో లేదో చూసుకుందామని అడిగాను."

"నువ్వు దెలోరియేను మార్చాలనేగా అన్నావు?"

"ఇప్పటికీ అంటాను. అయితే కాగితం నీది."

ఆమె తాళం చాచిన చేతిలో పట్టుకుని నిలబడింది. ఫిర్మిన్ గడ్డి కర్ర గోడకానించాడు. అతని గొంతులో కోపం లేదు, అదే ఆమెకు భరించలేనిదయింది.

"మాట తడబడినంత మాత్రాన మనిషిని మార్చకూడదని వారాల తరబడి నాతో పోట్లాడావు సొలాంజ్. నన్ను మార్చడానికి నీకు ఐదు నిమిషాలు పట్టింది."

ఎవరి ముందూ తలదించుకోని మనిషికి ఆవుల ముందు నిలబడ్డానికి కూడా సిగ్గేసింది. తప్పయిపోయిందని అంది. రెండుసార్లు అంది.

"తాళం ఎగ్లాంటీన్ దగ్గరే ఉండనీ," అన్నాడు ఫిర్మిన్ మళ్లీ గడ్డి ఎత్తుతూ. "ఆదివారం పేకాటకు కూడా ఆవిణ్నే కూర్చోబెట్టుకో."